పాతచీర చాటున పికిలిపిట్ట

బోధన్,
ఆషాఢ శుక్రవారం.

పూజ్యురాలైన చిన్నక్కకు,

బోధన్ నుంచి నీ చెల్లెలు సుభద్ర దణ్ణాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మీ మరిదీ ఏ లోటూ లేకుండా ఉన్నాం. అక్కడ నువ్వూ, బావగారూ, పిల్లలూ కులాసాగా ఉన్నారని అనుకుంటున్నాను. నీ మోకాలు ఎలా ఉంది? బావగారు షుగరు మాత్రలు వేసుకుంటున్నారా, ఎప్పటిలాగే చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నారా? నేను అడిగానని చెప్పు. కోప్పడతారు, అయినా చెప్పు.

ఫోనుండగా ఈ ఉత్తరమేమిటని మీ మరిది నవ్వుతున్నారు. ఆయనకేం తెలుసు. నీకు ఆ చెవి బొత్తిగా పోయాక మనం ఫోనులో మాట్లాడుకున్నదేముంది, 'ఆఁ?' అని నువ్వూ, 'అది కాదే' అని నేనూ. మొన్న 'బాగున్నాం' అని నేనరిచిన అరుపుకు ఎదురింటివాళ్లు ఏం కొంప మునిగిందోనని మా గుమ్మంలోకి వచ్చారు. ఉత్తరమైతే కళ్లజోడు పెట్టుకుని నింపాదిగా చదువుకుంటావు. పైగా ఈసారి చెప్పాల్సింది ఫోనులో అరిచి చెప్పే సంగతి కాదు.

ముందు నువ్వు అడిగేవాటికి జవాబులు చెప్పేస్తాను. వేళకు తింటున్నాను. నిద్ర పడుతున్నది. మీ మరిదికి రైసుమిల్లులో పని బాగుంది. వచ్చిన కొత్తలో ఆ బాయిలర్ వేడికీ, ఈ ఊరి ఎండకీ మనిషి నల్లబడిపోయారు గానీ ఇప్పుడు తేరుకున్నారు. మిల్లు యజమాని తాతలు మనవైపు నుంచే వచ్చి వర్ని దగ్గర కాలువ కింద పొలాలు చేసుకున్నవాళ్లు. అందుకని 'మేస్త్రీగారూ' అంటూ మర్యాదగానే చూస్తున్నారు. ఎండాకాలం మాత్రం అడక్కు. పొద్దున్న పదింటికే వీధిలో మనిషి కనపడడు. ఇప్పుడు వానలు పడి ఊరు చల్లబడింది. మృగశిర కార్తెనాడు ఊరంతా చేపలకు ఎగబడితే మీ మరిది కూడా పోచంపాడ్ డ్యాము చేపలని ఒక సంచీడు తెచ్చారు. నేను మన పులుసు పెట్టాను, ఇంటివాళ్లు గిన్నె నాకేశారంటే నమ్ము.

ఇక్కడివాళ్లకు జొన్నరొట్టె ఉండాలి. నాకూ నేర్పారు. నాది ఇప్పటికీ గుండ్రంగా రాదు, దేశపటంలా వస్తుంది. సంతకు వెళితే సగంమంది మరాఠీలో బేరాలాడతారు. నేను వేలు చూపించి కొంటాను. వాళ్లు నన్ను చూసి నవ్వుకుని ఒక వంకాయ ఎక్కువే వేస్తారు. నువ్వు బెంగపెట్టుకోకు, ఇక్కడ మనుషులు మంచివాళ్లు. ఈ మాట ఈ ఉత్తరంలో ఎన్నిసార్లు రాస్తానో నాకే తెలియదు.

వచ్చిన కొత్తలో మాత్రం ఏడ్చానక్కా. నీకు చెప్పలేదు, చెబితే బావగారిని వెంటేసుకుని వచ్చేస్తావని. మీ మరిది తెల్లారకుండా వెళ్లి చీకటిపడ్డాక వస్తారు. మేముండేది ఇంటి వెనక భాగంలో రెండు గదులు. ముందు భాగంలో ఇంటివాళ్లు. వెనక వాకిట్లో ఒక జామచెట్టు, ఒక కరివేపచెట్టు, గోడ అవతల వరి మడులు. వంట అయ్యాక నాకు మాట్లాడేందుకు మనిషి లేదు. అప్పుడు ఈ పిట్టలతో సావాసం మొదలైంది.

మీ మరిది మిల్లు నుంచి గుప్పెడు నూకలు తెస్తే వాకిట్లో చల్లేదాన్ని. ముందు పిచ్చుకలు వచ్చాయి. తర్వాత గువ్వలు జంటగా వచ్చాయి. గోరింకలు వచ్చాక ఇక రోజూ తగువే. వాటికి నూకలు అక్కర్లేదు, ఎదుటివాళ్లు తినకూడదు అంతే. మన పెద్దత్త పెళ్లిభోజనాల్లో కూర్చున్నట్టే ఉండేది. ఒక తేనెపిట్ట ఉంది, బొటనవేలంత. మీ మరిది మోటారుసైకిలు అద్దంలో తన బొమ్మ చూసుకుని ఎవడో పరాయివాడొచ్చాడని ముక్కుతో పొడిచి పొడిచి అలసిపోయేది. ఆదివారాలు ఆయన అద్దానికి గుడ్డ కట్టేవారు. బూడిదరంగువి కొన్ని గుంపుగా వచ్చి వరసగా గోడమీద కూర్చుని ఒకటే వాగుడు. వాటిని చూసి ఇంటావిడ 'బీడీలు జేసెటోళ్లు గివే, నోరు ఆగది' అనేది. తనూ బీడీలు చుట్టే మనిషే.

ఆవిడ పేరు రాజవ్వ. నాకన్నా పెద్దది. నన్ను 'సెల్లె' అంటుంది, నేను 'రాజవ్వక్కా' అంటాను. పొద్దంతా ఒడిలో చాట పెట్టుకుని కూర్చుంటుంది. చాటలో తునికాకు, పొగాకు, దారపు ఉండ. మాట్లాడుతూనే ఉంటుంది, చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటాయి. కొడుకు రమేశ్ మస్కట్‌లో ఉంటాడు. కోడలు స్వరూప ఈవిడ దగ్గర ఉంటుంది. ఇరవై నాలుగేళ్ల పిల్ల. తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకుని ధర్మాబాద్‌లో ఉంటాడట, ఇటు తొంగి చూడడు.

ఆ పిల్లకు ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండుసార్లూ నాలుగో నెలలోనే పోయింది. మేము వచ్చిన కొన్నాళ్లకు మూడోసారి నెల తప్పింది. డాక్టరమ్మ మంచం దిగొద్దంది, పొగాకు గాలి తగలకూడదంది. అప్పుడు రాజవ్వ చాట తీసుకుని వీధి అవతల వేపచెట్టు కిందకు మారిపోయింది. చైత్రమాసపు ఎండక్కా. ఆ వేపచెట్టుకు లేతచిగుళ్లే గానీ నీడ లేదు. నెత్తిమీద తడిగుడ్డ వేసుకుని కూర్చునేది. వెళ్లేముందు నా దగ్గరకు వచ్చి, "సెల్లె, జర పిల్లను సూడు. నేను గీడ కూసుంటే దానికి పొగాకు వాసన. నేను గాడుంటే దానికి ఎవ్వరు లేరు. నీకు పుణ్యముంటది" అన్నది.

చూడకేం చేస్తాను. నాకు ఇంకేం పనుంది గనక. స్వరూప గది కిటికీ వెనక వాకిట్లోకే ఉంటుంది. కిటికీ ముందు తీగలు కట్టి మల్లె పాకించారు. నేను కిటికీ ఇవతల, ఆ పిల్ల అవతల మంచం మీద. మొదట్లో 'ఆంటీ' అంటూ అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకునేది. భయపడుతున్నదని తెలుస్తూనే ఉండేది. దగ్గు వస్తే కూడా కడుపు పట్టుకుని, ఊపిరి బిగబట్టుకుని మెల్లగా దగ్గేది.

ఒకరోజు ఆ పిల్లే నన్ను పిలిచింది. "ఆంటీ, జల్దీ రా, సప్పుడు చేయకు" అంది. మల్లెతీగలో పికిలిపిట్ట గూడు కడుతున్నది. మనవైపూ ఉంటాయి కదా, నెత్తిన నల్లటి జుట్టు, తోక కింద ఎర్రటి బొట్టు. ఎండుపుల్లలు, వేర్లు, సాలెగూడు తెచ్చి అల్లింది. అన్నిటికన్నా నవ్వొచ్చినది, రాజవ్వ బీడీలు కట్టగా రాలిన దారపు ముక్కలు ఏరుకొచ్చి చుట్టూ చుట్టింది. స్వరూప నవ్వడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. "మా అత్తమ్మ దారం ఇంత గూడ ఇడిసిపెడతలేదు" అంది.

రాజవ్వకు చెబితే చాట కింద పెట్టేసి చేతులెత్తి మొక్కింది. ఇంట్లో పిట్ట గూడు పెడితే ఆ ఇంట్లో పిల్లలాడతారని వీళ్ల నమ్మకం. మనకూ ఉందిగా. "ఇగ ఫికర్ లేదు బిడ్డ, దేవుడే అంపిండు" అని కోడలితో చెప్పేసింది. పిట్ట మూడు గుడ్లు పెట్టింది. స్వరూప ఇక కిటికీ వదల్లేదు. ఆడది ఎంతసేపు పొదిగింది, మగది ఏం తెచ్చి పెట్టింది, గాలివీస్తే ఎలా రెక్కలు విప్పి కూర్చుంది, అన్నీ నాకు చెప్పేది. రాత్రి మొగుడికి ఫోనులో కూడా అదే పురాణమట.

నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. నాలుగో నెల వస్తున్నది. పిట్టగూళ్ల సంగతి నీకు తెలియనిదేముంది, సగం గూళ్లు కాకులపాలు, పిల్లులపాలు. ఈ గూటికేమైనా అయితే ఈ పిల్ల తట్టుకుంటుందా? రాజవ్వక్కతో ఆ మాట అనబోతే, "నోట్ల నుంచి అసొంటి మాట తియ్యకు సెల్లె" అని నా నోరు మూసింది.

ఇప్పుడు నా ఘనకార్యం చెబుతాను. నవ్వకు. ఒక పొద్దున్న నేను అంట్లు తోముతుంటే గోడమీద జెముడుకాకి కనిపించింది. ఎర్రటి రెక్కలేసుకుని పెళ్లిపెద్దలా మెల్లగా నడుస్తున్నది. నాన్న సంగతి గుర్తుందిగా, ఎక్కడికి బయలుదేరినా జెముడుకాకి కనపడితే ఆగి, చెప్పులు విడిచి దణ్ణం పెట్టేవాడు. ఇక తలపెట్టిన పని అయినట్టే అనేవాడు. నాకూ అదే తోచింది. ఈ పిల్ల కడుపు నిలబడుతుందని శకునం వచ్చిందనుకున్నాను. చేతులకు బూడిద అలాగే ఉంది, ఆ చేతులే జోడించి కళ్లు మూసుకుని మొక్కాను. కళ్లు తెరిచేసరికి అది గోడ దిగి మల్లెతీగలో దూరింది. పికిలిపిట్టలు రెండూ గోల పెడుతున్నాయి. నేను చెంబు విసిరి పరుగెత్తేలోపల మూడు గుడ్లూ అయిపోయాయి. అదిలిస్తే పోయేది కదక్కా. దొంగను గుమ్మంలో నిలబెట్టి దణ్ణం పెట్టానన్నమాట.

కిటికీలోంచి చూస్తే స్వరూప గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోతున్నదనుకుని ఊపిరి పీల్చుకున్నాను. చప్పుడు చేయకుండా వీధి దాటి రాజవ్వక్కను పిలుచుకొచ్చాను. ఆవిడ ఖాళీ గూడు చూసి గోడకు చేరబడి కూలబడిపోయింది. "సెల్లె, పిల్లకు తెలువద్దు. తెలిస్తే గిది గూడ నిలువది" అన్నది. నాకూ అదే భయం. ఇద్దరం గోడవార కూర్చుని ఆలోచించాం. ఆవిడ పాత నేతచీర ఒకటి, అంచులు పోగులు పోయినది, తెచ్చింది. నేను స్టూలెక్కి మల్లెతీగకూ కిటికీకీ మధ్య తెరలా కట్టాను. గదిలోంచి చూస్తే గూడు కనపడదు. స్వరూప లేచాక రాజవ్వే చెప్పింది. "ఎండ గట్టిగ కొడుతుంది బిడ్డ, పిట్టకు తకలీఫ్ అయితదని చీర గట్టినం." స్వరూప 'మంచిది అత్తమ్మ' అన్నది, అంతే.

అక్కడి నుంచి మా ఇద్దరి నాటకం మొదలు. పొద్దున్నే నేను తీగలోకి తొంగి చూసినట్టు నటించి, "ఆఁ, కూర్చునే ఉంది" అనేదాన్ని. సాయంత్రం రాజవ్వ చేయి కడుక్కుని వచ్చి తన వంతు చెప్పేది. కొన్నాళ్లకు గుడ్లు పగిలాయని చెప్పాం. పిల్లలు నోళ్లు తెరుస్తున్నాయని చెప్పాం. రాజవ్వకు హుషారెక్కువై ఒకటి బక్కగా ఉందని కూడా కల్పించింది. నేను కళ్లెర్రజేశాను, లేనిపోని దిగులు పుట్టించకని. స్వరూప అన్నీ వినేది. 'గట్లనా అత్తమ్మ' అనేది. ఎండ మంటని కిటికీ ఒక రెక్క ఎప్పుడూ మూసే ఉంచేది. మేం గదిలోకి వెళితే రెండోది కూడా దగ్గరకు లాగేది. చూడాలనే సరదా పోయిందేమో, దిగులు పడుతున్నదేమో అని నాకు ఒకటే అనుమానం.

ఇంకో సంగతి. ఆ పికిలిపిట్టలు మాత్రం పోలేదు. రోజూ వచ్చి ఆ చీర చాటుకు వెళ్లేవి, వచ్చేవి. పాపం పిచ్చిముండలు పోయిన గుడ్లు వెతుక్కుంటున్నాయని నేను కొంగు తడుపుకునేదాన్ని. ఊళ్లో పిట్టలన్నిటి నడతా నాకే తెలుసునని మీ మరిదితో గొప్పలు చెప్పుకున్నదాన్ని.

ఈలోగా నాలుగో నెల నిండింది. స్వరూపను ఆసుపత్రికి తీసుకెళితే బిడ్డ గుండె చక్కగా కొట్టుకుంటున్నదన్నారట. తిరిగొచ్చి రాజవ్వ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆ ధైర్యం మీద ఇక నాటకం ముగించేద్దామనుకున్నాం. పిల్లలకు రెక్కలొచ్చి ఎగిరిపోయాయని చెప్పి చీర విప్పేస్తే ఒక పని అయిపోతుంది.

"నువ్వే జెప్పు సెల్లె. నేను అబద్ధమాడితె మొఖంల తెలుస్తది" అన్నది రాజవ్వ.

"ఇన్నాళ్లూ ఆడింది ఏమిటి మరి?" అన్నాను.

"గవి సిన్నయి. గిది పెద్దది."

సాయంత్రం ఇద్దరం గదిలోకి వెళ్లాం. స్వరూప దిండుకు ఆనుకుని కూర్చుంది. నేను గొంతు సవరించుకుని, "స్వరూపా, పిట్టపిల్లలు ఎగిరిపోయాయమ్మా. శుభం. ఇక ఆ చీర తీసేస్తాం" అన్నాను.

"ఎప్పుడు వోయినయి ఆంటీ?"

"ఈ పొద్దున్నే."

"మూడూనా?"

"మూడూ."

రాజవ్వ ఊరుకుంటే బాగుండేది. "నా కండ్లతోని సూసిన బిడ్డ. ముందుగాల బక్కది ఎగిరింది" అన్నది.

స్వరూప మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. పెదవులు బిగబట్టుకుంది. ఆగలేక నవ్వింది. కడుపు రెండు చేతులతో పట్టుకుని, కళ్లల్లోంచి నీళ్లు కారుతుంటే నవ్వుతూనే ఉంది. రాజవ్వ హడలిపోయి, "నవ్వకు బిడ్డ, కడుపు, కడుపు" అంటూ వీపు నిమిరింది. చివరికి స్వరూప ఊపిరి తీసుకుని, "చీర మాత్రం ముట్టకుండ్రి" అని కిటికీ రెక్క మెల్లగా తెరిచింది.

కిటికీ ఊచలకు పాకిన మల్లెకొమ్మలో, చీరకూ ఊచలకూ మధ్య, కొత్త గూడు ఉందక్కా. చీర అంచు పోగులు లాగి, బీడీ దారాలు కలిపి చుట్టుకుంది. గూట్లో మూడు పిల్లలు. ఇంకా ఈకలు కూడా రాలేదు, కిటికీ కదలగానే అమ్మ వచ్చిందనుకుని నోళ్లు తెరిచాయి. వాకిట్లోంచి చూస్తే చీరే కనపడుతుంది, గోడమీది నుంచి చూసినా చీరే. అందుకే ఏ కాకికీ కనపడలేదు. మేం ఆ పిల్లకు కనపడకూడదని కట్టిన చీర వెనక ఆ పిట్ట కాపురం పెట్టింది. ఆ సంగతి మంచం మీది పిల్లకు తప్ప మాకు తెలియదు.

రాజవ్వ నేలమీద కూర్చుని కొంగు నోట్లో పెట్టుకుంది.

"గా ఎర్ర రెక్కల కాకి వచ్చిన దినమే సూసిన అత్తమ్మ. నేను మేలుకునే ఉన్న" అంది స్వరూప. నావైపు తిరిగి, "నువ్వు దానికి దండం వెట్టుడు గూడ సూసిన చిన్నమ్మ" అంది.

ఇక్కడ తల్లి చెల్లెల్ని చిన్నమ్మ అంటారు. అంతవరకూ ఆ పిల్ల నన్ను ఆంటీ అనేదని చెప్పానుగా.

"మరి చెప్పలేదేమే పిల్లా" అన్నాను.

"ఎట్ల జెప్పాలె. మీరిద్దరు గోడ పొంటి కూసోని గుసగుస వెట్టి, స్టూలెక్కి, చీర గట్టి, గంత పరేషాన్ అయితుంటిరి. నేను ఏడిస్తే అత్తమ్మ ఏడుస్తది. అత్తమ్మ ఏడిస్తే నువ్వు ఏడుస్తవు. అందుకే సప్పుడు చేయలే. ఇది మల్ల కడుతుందని జెప్తే, గిది గూడ ఏమన్నయితదేమోనని మీకు మల్ల ఫికరు. గందుకే కిటికి మూసిన."

"నీకు భయం కాలేదా బిడ్డ?" అని రాజవ్వ అడిగింది.

"ఎందుకు కాలే. గా దినం మొత్తం కడుపు మీదికెల్లి చెయ్యి దీయలే. నాది గూడ గిట్లనే అయితది అనుకున్న. పిట్ట గూడ రెండు దినాలు తీగ మీద కూసోని ఒక్కతీర్గ అరిసింది. మల్ల ఒకనాడు నోట్ల దారం వెట్టుకోని వచ్చింది. దానికి ఎవ్వరు ధైర్యం జెప్పిండ్రు? ఎవ్వరు జెప్పలే. గప్పుడు అనుకున్న, గీ పిల్లలు బతుకుతయో లేదో, నా కడుపు నిలుస్తదో లేదో, గది నా చేతుల లేదు. భయపడుకుంట పండుకునుడు మాత్రం నా చేతుల ఉన్నది, గది బంద్ జేస్త అని."

అక్కా, నేను ఆ పిల్లకు కాపలా ఉన్నాననుకున్నాను. ఆ పిల్ల మా ఇద్దరికీ కాపలా ఉంది. మంచం దిగడానికి లేని మనిషి, ముసలివాళ్లిద్దరూ బెంగపడతారని నోరు మూసుకుని మా అబద్ధాలన్నీ వింది. నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది. ఇలాంటి మనుషుల మధ్య పడేసినందుకు ఆ పూట దేవుడి ముందు దీపం పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఏమీ అడగలేదు.

మర్నాడు రాజవ్వ బెల్లం పరమాన్నం చేసి వీధంతా పంచింది. ఎందుకని అడిగినవాళ్లకు, 'గట్లనే, బుద్ధయింది' అని, అంటే మనసయిందని చెప్పింది. ఆ రోజు నుంచి కిటికీ రెక్కలు రెండూ తెరిచే ఉన్నాయి. తల్లీతండ్రీ ఇద్దరూ పురుగులు తెచ్చి పెట్టడం, పిల్లల రెట్టను కూడా ముక్కుతో తీసి గూడు శుభ్రంగా ఉంచడం ముగ్గురం కూర్చుని చూశాం. రాజవ్వ అది చూసి, "మా రమేశ్‌గానికి గీ వీడియో తీసి అంపు, రేపు నేర్చుకుంటడు" అన్నది. ఎగిరే రోజున మొదటి పిల్ల చీర అంచు మీదకు ఎక్కి మధ్యాహ్నమంతా అక్కడే కూర్చుంది. పెద్దవి జామచెట్టు మీది నుంచి పిలుస్తాయి, ఇది కదలదు. నేను చేయి అందించబోతే స్వరూప వద్దంది. రాజవ్వ చీపురు పట్టుకుని కాకులకు కాపలా నిలబడింది. ఆ జెముడుకాకి కూడా వచ్చింది. ఈసారి దణ్ణం పెట్టలేదు, చెప్పు విసిరాను. నాన్న ఉంటే నన్ను ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు. పొద్దువాలేవేళకు ఆ పిట్టపిల్ల పడుతూ లేస్తూ జామకొమ్మ అందుకుంది. మిగతా రెండూ మర్నాడు వెళ్లిపోయాయి.

ఇప్పుడు స్వరూపకు ఆరో నెల నడుస్తున్నది. మెల్లగా తిరగొచ్చని డాక్టరమ్మ చెప్పింది. పొద్దున్నే వచ్చి వాకిట్లో నా పక్కన కూర్చుని నూకలు చల్లుతుంది. మన ఆవకాయ రుచి చూసినప్పటి నుంచి అదే కావాలంటున్నది. ఎవరైనా ఇటు వస్తుంటే ఒక సీసా కొత్తావకాయ పంపు. పూతరేకులు కూడా. అది ఏమిటని అడిగితే చెప్పాను, 'కాయిదం తింటరా మీరు' అని నవ్వింది.

వర్ని దగ్గర క్యాంపులో, అంటే మనవాళ్లు వలసొచ్చి కట్టుకున్న ఊళ్లో, మిల్లువాళ్ల ఇల్లు ఒకటి ఖాళీ అయింది. అద్దె ఉండదు, చుట్టూ మనవైపు వాళ్లే, మన యాస, మన వంట. మేం మొదట్లో కోరుకున్నది అదే. మీ మరిది ఆ మాట చెప్పి నా మొహం చూశారు. కాన్పు అయ్యేదాకా నేనిక్కడి నుంచి కదలనన్నాను. ఆయన సరే అని కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయారు. ఎప్పుడైనా ఇంత తొందరగా నా మాటకు ఒప్పుకున్నారా చెప్పు. వానలు పడ్డాక వచ్చి నీ దగ్గర నెల్లాళ్లు ఉంటానన్నాను కదా, అది ఇప్పుడు కుదరదు. కోప్పడకు.

కోప్పడకుండా మిగతాది కూడా చదువు. శ్రావణంలో స్వరూపకు సీమంతం. నిన్న రాజవ్వ పట్టుచీర కట్టుకుని, కుంకుమ భరిణె పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. ఎప్పుడూ చాటతో చూసిన మనిషిని అలా చూసి నేను కంగారుగా లేచి నిలబడ్డాను. నా నుదుట బొట్టు పెట్టి, "సెల్లె, పిల్లకు తల్లిగారింటి దిక్కు ఎవ్వరు లేరు. ఒడి నింపనీకి తల్లిగారి తరఫున నువ్వు రావాలె" అన్నది. పుట్టింటిని వీళ్లు తల్లిగారిల్లు అంటారు.

"నేనుండేదే మీ ఇంట్లో కదా, మళ్లీ ఎక్కడి నుంచి రావడం?" అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా, లేకపోతే అక్కడే ఏడ్చేసేదాన్ని.

"ఎనుక వాకిట్లకెల్లి ముంగటి వాకిట్లకు రా. తొవ్వ ఎంతుంటే ఏంది" అన్నది.

పుట్టింటికి దూరంగా వచ్చి ఒంటరిదాన్నయ్యానని ఏడ్చినదాన్ని అక్కా నేను. నన్ను ఒక పిల్లకు పుట్టిల్లుగా నిలబెట్టారు వీళ్లు. ఇంతకన్నా నాకు ఎవరేం పెట్టాలి?

బావగారికి నా నమస్కారాలు చెప్పు. మన వీధిలో పెద్దవాళ్లందరికీ పేరుపేరునా చెప్పు, పిల్లలకు ముద్దులు. మీ అందరి దీవెనా మాకు ఉండాలి, ముఖ్యంగా ఆ పిల్లకు ఉండాలి. చీర, గాజులు, పసుపు కుంకుమలు నేను చూసుకుంటాను. కానీ తల్లిగారి తరఫున ఒక్కదాన్నే వెళ్లడం ఏం బాగుంటుంది? నువ్వు రావాలి. బావగారిని తీసుకుని రైలెక్కు, నిజామాబాద్‌లో దిగితే మీ మరిది వచ్చి తీసుకొస్తారు. మోకాలి నొప్పి అని వంకలు పెట్టకు.

స్వరూప ఇప్పుడే వచ్చి, "పెద్దమ్మ వస్తదా?" అని అడిగింది. వస్తుందని చెప్పేశాను. ఆ పిల్లకు నేను ఇదివరకే చాలా అబద్ధాలు చెప్పాను. ఇది కూడా అబద్ధం కానివ్వకు.

నీ దీవెన కోరే
చెల్లెలు,
సుభద్ర